సుబ్బవ్వ అడిగిన తీర్థం

మొన్న మహాలయ అమావాస్యకు చింతామణిలో బంధువుల ఇంటికి వెళ్లాను. గడప దాటగానే వేడి వడల వాసన, దాని వెనకే విస్కీ వాసన. నాకు మాత్రం అది సుబ్బవ్వ కొంగు వాసన. ఆమెను ఎరగని వాళ్లతో ఈ మాటంటే తాగుబోతు ముసలమ్మ అనుకుంటారు. ఎరిగిన వాళ్లూ అదే అనుకున్నారు.

ఎనభైల మొదట్లో మేం గూళూరులో ఉండేవాళ్లం. సుబ్బవ్వది పక్కిల్లు. ఆ అమావాస్యనాడు పెద్దలకు పెట్టేటప్పుడు, పోయినవాళ్లు ఏది ఇష్టపడేవాళ్లో అదే పెట్టాలి. మా తాతకు సారాయి ఇష్టం. ఆయన పటం ముందు కొత్త పంచెతో పాటు గ్లాసు నిండా సారాయి ఉండేది. కర్పూరం ఆరాక మా నాయన దాన్ని తీర్థమని అందరి చేతుల్లో చెంచాతో పోసేవాడు, పిల్లలకే ముందు. పెద్దల ప్రసాదం, వద్దంటే పాపం. మా తమ్ముడు శీనయ్య మొదట్లో ముఖం చిట్లించేవాడు. పదేళ్లు వచ్చేసరికి అమావాస్య ఎప్పుడొస్తుందని అడగసాగాడు.

ఆ మాట చెవిన పడ్డ ఏడాది నుంచి సుబ్బవ్వ పిలవకపోయినా వచ్చి వాడి పక్కన కూర్చునేది. నాయన చెంచా ఎత్తగానే వాడి చేతిమీద తన చెయ్యి పెట్టి, వాడి వంతు కూడా తనకే పొయ్యమనేది. పెద్దావిడ తీర్థం అడిగితే కాదనడం ఎలా? పోసేవాడు. ఆమె నోటికి ఎత్తినట్టే ఎత్తి, కొంగులోకి వదిలేసేది. తర్వాత పిల్లలున్న మరికొన్ని ఇళ్లు. సాయంత్రానికి ఆమె పక్కన నిలబడితే గుప్పున కొట్టేది. వీధంతా నవ్వేది. ఆడవాళ్లు ఆమెతో నీళ్లకు పోవడం కూడా మానేశారు.

ఒకసారి ఆమె కొంగు ఉతుక్కుంటుంటే, ఎందుకవ్వా ఈ మాటలు పడతావు, నిజం చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్తే యింటారా పాపా? పెద్దల్ని తిట్నానని గడప తొక్కనీరు. మా పెద్దకొడుక్కి తీర్థమని నా చేత్తోనే పోసినా. మీసాలొచ్చే లోపల సారాయంగడి మరిగె. తాగి తాగి సచ్చె, నేనే వాణ్ని మట్టి చేసినా. ఇంక నా పేరుతో నాకేం పనుండాది?"

ఏడ్చి చెప్పలేదు, అలసిపోయి చెప్పింది. ఆ అలసట నాకప్పుడు తెలియలేదు. ఇన్నేళ్లు బడిలో పిల్లల మధ్య పనిచేశాక తెలుస్తోంది. ఒకసారి చెప్పి ఊరుకుంటే అయ్యే పని కాదిది.

నేను పదో తరగతిలో ఉండగా ఆమె పోయింది. ఆ ఏడు అమావాస్యకు ఆమె తమ్ముడి కొడుకులు పెద్దలకు పెట్టి వీధిని పిలిచారు. సుబ్బవ్వ పటం ముందు కొత్త చీర, ఆకూవక్కా, నిండు సీసా సారాయి. అత్తకు ప్రాణమని బాగేపల్లి నుంచి ప్రేమగా తెచ్చారట. కర్పూరం ఆరింది. పిల్లల్ని ముందుకు రమ్మన్నారు. శీనయ్య చెయ్యి చాచాడు.

ఆయమ్మ ఎప్పుడూ తాగలేదని చెప్పాను. అందరూ నవ్వారు. అప్పుడు వాడి చేతిమీద నా చెయ్యి పెట్టాను.

"వాని వంతు నాకు పొయ్యన్నా."

నవ్వులు ఆగిపోయాయి. పెళ్లి కావలసిన పిల్లను. మా నాయన తల దించుకున్నాడు. చేతిలో పడ్డది తల వంచి ఓణీలోకి వదిలాను.

ఆ పూటతో ఆమె చెడ్డపేరు నాకొచ్చింది. సంబంధాలు కొన్ని వీధి మొదట్లోనే వెనక్కి తిరిగాయి. శీనయ్య మందు ముట్టకుండా పెద్దవాడయ్యాడు. తన వంతు తీర్థం అక్క లాక్కుందని ఇప్పటికీ తన పిల్లలకు చెప్పి నవ్విస్తాడు. జరిగింది నేను ఎన్నిసార్లో చెప్పాను.

"అట్లనే అనుకుందాం లేక్కా" అంటాడు.