కుబుంగ్‌కు చూపు వచ్చేదాకా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. సింగపూర్ వచ్చి నాలుగు నెలలు. ఉద్యోగం కొత్త, కెమెరా అంతకంటే కొత్త. బుకిట్ పంజాంగ్‌లో ఒక ఆంటీగారి ఫ్లాట్‌లో గది తీసుకుని ఉండేదాన్ని. ఆవిడ తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. బ్లాకులో అందరూ ఆవిడను కుబుంగ్ ఆంటీ అనేవారు. కుబుంగ్ అంటే పిల్లి అంత ఉండే అడవి జంతువు. మెడ నుంచి తోక దాకా ఉన్న చర్మాన్ని దుప్పటిలా పరిచి, చీకటి పడ్డాక చెట్టు మీంచి చెట్టు మీదికి గాలిలో జారిపోతుంది. మా బ్లాకు వెనక అడవిబాటలో ఉండే ఒక ఆడ కుబుంగ్‌ను చూసి రానిదే ఆంటీకి అన్నం సహించేది కాదు.

దానికి పిల్ల పుట్టిందని వినగానే నేను ఊరుకోక, "సోమవారం ఫొటో చూపిస్తా చూడండి" అని ఆఫీసులో అందరికీ మాటిచ్చేశాను. బతిమాలితే ఆంటీ వెంట రానిచ్చింది గానీ, ఒక షరతు పెట్టింది.

"ఫ్లాష్ మాత్రం వెయ్యకు అమ్మాయ్. చీకట్లో బతికే కళ్లు అవి. టప్పున వెలిగిస్తే కాసేపు ఏమీ కనపడదు దానికి, పావం."

"ఆపేశాను ఆంటీ," అన్నాను. (ఆపే బటన్ ఎక్కడుందో నాకు తెలియదు. అడిగితే పరువు పోదూ!)

వాన వెలిసిన సాయంత్రం అది. ఆకుల మీంచి చుక్కలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. రోడ్డు మీద బస్సుల చప్పుడు ఎక్కడో కలలో వినిపించినట్టు దూరమైపోయింది. ఆంటీ ఎర్రకాగితం చుట్టిన టార్చి నెమ్మదిగా పైకెత్తింది. చెట్టు బోదెకు నాచుముద్దలా అతుక్కుని తల్లి; దాని చర్మపు మడతలోంచి తొంగిచూస్తున్న బుల్లి మొహం. మీట నొక్కాను.

అడవంతా ఒక్కసారి తెల్లబడింది. (చీకటిగా ఉందని కెమెరాకు ఎవరు చెప్పారో!) పిల్ల లోపలికి దూరిపోయింది. తల్లి మాత్రం కళ్లింతింత చేసుకుని కొయ్యబారిపోయింది.

"ఆంటీ, అది దానంతటదే వెలిగింది..."

"దానంతటదే వెలగడానికి అదేమైనా సూర్యుడా? దియామ్! మాట్లాడకు." టార్చి ఆపేసింది. "ఇప్పుడు బెదిరి దూకితే, చెట్టు కనపడక బిడ్డతో సహా కింద పడుద్ది. కూర్చో. దానికి చూపొచ్చేదాకా మనకి మాత్రం వెలుగెందుకు?"

తడి మెట్టు మీద కూర్చున్నాం. దోమలు నన్ను తీరుబడిగా భోంచేశాయి. చెయ్యి విసరడానికి కూడా భయం. ఆ పిల్లకేమైనా అయితే ఆ పాపం నాదే. ఆంటీ నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. కాసేపటికి చీకటి నల్లగా ఉండడం మానేసింది. ఆకులకు అంచులు వచ్చాయి, బాట మసకగా పారుతున్న నీరులా కనిపించింది. ఎంతసేపు గడిచిందో తెలియదు, పైన బెరడు గీరిన చప్పుడు.

"పోతాంది, చూడు!"

మా తలల మీదుగా ఒక గాలి వెళ్లింది. అవతలి చెట్టు మీద మెత్తగా ఏదో వాలింది. ఆంటీ టార్చి వేసి చూసింది. తల్లీ పిల్లా క్షేమం.

"చూశావా, ఎట్టా జారిందో!" అంది, చిన్నపిల్లలా నా భుజం కుదుపుతూ.

"చూశాను ఆంటీ!" అన్నాను.

సోమవారం ఆఫీసులో నా ఫొటో చూసి, "ఇది గోనెసంచి కదా?" అన్నారు. తలవంచుకున్నాను. అయితేనేం, ఆ కుబుంగ్ చర్మం విప్పి ఎలా తేలిందో, తోక ఎలా తిప్పిందో ఇన్నేళ్లుగా ఎంతమందికి వర్ణించి చెప్పానో లెక్కలేదు. ఇప్పుడు మీతోనే మొదటిసారి చెబుతున్నాను: అది నా మీదికే దూకుతోందనుకుని, ఆ క్షణంలో నేను రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నాను. నుదుటికి తగిలిన ఆ కాస్త గాలే నేను చూసిందంతా.