మా మేడ మీది గునుగు

ఈ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో చార్టు కొనుక్కొచ్చి మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు మొదలుపెట్టింది. రెండు పూలమొక్కల్ని పోల్చాలట. బతుకమ్మలో పక్కపక్కనే ఉంటాయని తంగేడునీ గునుగునీ ఎంచుకుంది. రాసినదాన్ని పైకి చదివింది.

"తంగేడు చిక్కుడు కుటుంబం, బీళ్లలో పెరుగుతుంది. గునుగు తోటకూర కుటుంబం, చేలల్లో కలుపుగా మొలుస్తుంది. రెండింటికీ అంతరించే ప్రమాదం లేదు."

మా అత్తమ్మ ఊరుకోలేదు. "ప్రమాదం లేదా? పోయినేడు తుర్కయంజాల్ దాంక పోయినా గునుగు దొరకలే. అన్నీ ప్లాట్లే."

"అది ప్రపంచం మొత్తానికి నానమ్మా!"

"గా ప్రపంచం మన ఎల్బీనగర్ దిక్కు ఎన్నడన్న ఒచ్చిందా బిడ్డా?"

నవ్వొచ్చింది. అంతలోనే పోయిన వారం సంగతి గుర్తొచ్చింది. నాది తెనాలి, గునుగంటే మాకు కలుపే. మేడ మీద కుండీలో మొలిచినదాన్ని పీకబోతే ఆవిడ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

అమ్మాయి రాసినదేమీ చెరపలేదు. కింద ఇంకో వరుస చేర్చింది: "ఎల్బీనగర్‌లో ఒక్క మొక్క ఉంది. కాపలా మా నానమ్మ."

మార్కులెన్నొస్తాయో తెలియదు. మీ వీధిలో గునుగుంటే చెప్పండి, చార్టు మీద ఇంకా చోటుంది.