ఆపా లాప్‌టాప్ విప్పిన శనివారం

జర్మనీలోని జార్‌బ్రూకెన్‌లో నేనూ ఆపా ఒకే వోనుంగ్‌లో, అంటే ఫ్లాట్‌లో, చెరో గదిలో ఉండేవాళ్లం. ఆపా నా సొంత అక్క కాదు. హైదరాబాద్ మలక్‌పేట నుంచి మెటీరియల్ సైన్స్ చదవడానికి వచ్చింది, నాకంటే నాలుగేళ్లు పెద్ద. వాళ్లింట్లో అక్కను ఆపా అంటారని తెలిసి నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. నాది జగిత్యాల. కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేస్తున్నాను.

ఆ చదువే నన్ను ఇరుకున పెట్టింది. ఆపా లాప్‌టాప్ చాలా పాతది. ఆన్ చేసి, ముఖం కడుక్కుని వచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. పైగా లోపల హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమనడం మొదలైంది. "నువ్వు కంప్యూటర్ సైన్సే కద, కొత్త డిస్క్ తెప్పిస్త, జర మార్చి పెట్టవా?" అని అడిగింది. నేను ప్రోగ్రాములు రాయగలను కానీ, అప్పటిదాకా ఏ లాప్‌టాప్ మూతా విప్పింది లేదు. ఆ మాట చెప్పడానికి నామోషీ అనిపించింది. "గదేమున్నది ఆపా, గంట పని" అన్నాను.

డిస్క్ వచ్చిన శనివారం పొద్దున ఆపా లాబ్‌కు వెళ్లింది. సోమవారం ఆమె తన థీసిస్ గురించి ప్రొఫెసర్ల ముందు మాట్లాడాలి. నేను వీడియోలు చూసి, పాత డిస్క్‌లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి కాపీ చేశాను. పనికొచ్చేదంతా వచ్చిందనే అనుకున్నాను. తర్వాత స్క్రూలు విప్పి, చాయ్ సాసర్‌లో వేసి, పాతది తీసి కొత్తది పెట్టాను. మూత బిగించి బటన్ నొక్కాను.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒకే ఒక వాక్యం. స్టార్ట్ చేయడానికి డిస్క్ ఏదీ లేదట.

మళ్లీ విప్పి పాత డిస్క్ పెట్టాను. అదే మాట. పొద్దున దాకా పనిచేసిన డిస్క్ కూడా కనబడటం లేదు. నాలుగుసార్లు విప్పాను, నాలుగుసార్లు బిగించాను. ఆ మధ్యలో ఆపా ఫోన్ చేసింది.

"అయిందా?"

"అయితున్నది ఆపా. అప్‌డేట్ నడుస్తున్నది."

ఆ అబద్ధం ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది.

మూడు దాటాక ఆపా వచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పుతూ నా ముఖం చూసింది, బల్ల మీది స్క్రూలు చూసింది. "చెప్పు, ఏమైంది?" అంది. మొత్తం చెప్పాను. ఆమె మంచం అంచున కూర్చుండిపోయింది.

"పోయిన వారం కొలతలన్నీ దాంట్లనే ఉన్నయి," అంది. "వేరే ఎక్కడ పెట్టలే."

లేచి వంటగదిలోకి వెళ్లింది. చాలాసేపు కుళాయి నీళ్ల చప్పుడు వినిపించింది. నేను లోపలికి వెళ్లలేకపోయాను. తిరిగి వచ్చినప్పుడు ముఖం కడుక్కుని ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఫోన్ల అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

"భయమైంది ఆపా."

"మిషిన్ ఖరాబైతే అయింది. నేను అక్కడ మంచిగ కూసొని పని చేసుకుంటున్న, నువ్వు ఇక్కడ ఒక్కదానివే పరేషాన్ అయితున్నవ్. గట్లెందుకు? నాకు చెప్తే నేను రాకపోదునా?"

తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేదేమో. ఆమే మళ్లీ అంది: "లే. నా ఇస్త్రీ పెట్టె బాగు చేసినోళ్లు ఉన్నరు, చర్చి వెనుక హాల్ల. నెలకొక్క శనివారం కూసుంటరు, ముందుగాల టెర్మిన్ తీసుకునుడు కూడ అక్కర్లేదు. ఈ రోజే అనుకుంట."

లాప్‌టాప్, రెండు డిస్క్‌లు, సాసర్‌లోని స్క్రూలు ఒక సంచిలో వేసుకుని బస్సెక్కాం. హాల్లో పొడుగాటి బల్లల దగ్గర రిటైరైనవాళ్లు కాఫీ తాగుతూ రేడియోలు, టోస్టర్లు విప్పుతున్నారు. కంప్యూటర్ల బల్ల దగ్గర తెల్ల జడ వేసుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నా జర్మన్ అంతా కూడగట్టుకుని జరిగింది చెప్పాను. ఆవిడ చేతులు కట్టుకుని విన్నది.

"మీరు బిగించారు కదా, మీరే విప్పండి. నేను చూస్తాను," అంది నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా.

ముందు మూత విప్పనివ్వలేదు. విండోస్ మొదలు కాకముందు వచ్చే సెట్టింగుల పేజీ తెరిపించింది. డిస్క్‌ల పేర్లుండే చోటు ఖాళీగా ఉంది. మూత విప్పించి రెండో డిస్క్ పెట్టించి చూసినా ఖాళీయే.

"రెండు డిస్క్‌లూ ఒకేసారి పాడవుతాయా?" అని అడిగింది పెద్దావిడ.

"కావు."

"మరి ఎక్కడ వెతకాలి?"

అప్పుడు తట్టింది నాకు. తప్పు డిస్క్‌లో కాదు, డిస్క్ నుంచి బోర్డుకు వెళ్లే దారిలో ఉంది. మళ్లీ మూత విప్పాను. రిబ్బన్‌లాంటి సన్నటి కేబుల్ బోర్డులో దూరే చోట, గోరంత నల్ల క్లిప్పు పైకి లేచి ఉంది. పొద్దున డిస్క్ లాగినప్పుడు నా వేలే తగిలి ఉంటుంది. నేను ప్రతిసారీ డిస్క్ వైపే చూశాను కానీ, ఈ చివర చూడనే లేదు. ఆపా ఫోన్ లైటు పట్టుకుంది. "మెల్లగ, మెల్లగ," అంటూనే ఉంది. కేబుల్ తిన్నగా దూర్చి, క్లిప్పు నొక్కాను.

పాత డిస్క్‌తో బటన్ నొక్కితే, ఎప్పటిలాగే టిక్కు టిక్కుమంటూ, చివరికి విండోస్ తెరుచుకుంది. ఆపా ముందు తన కొలతల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది.

కొత్త డిస్క్ కూడా పెట్టి చూశాం. ఈసారి పేరు కనబడింది కానీ స్టార్ట్ కాలేదు. పెద్దావిడ తెర మీద చూసి కారణం చెప్పింది. నేను విండోస్ ఉన్న భాగం ఒక్కటే కాపీ చేశాను. దాని ముందుండే చిన్న భాగాన్ని పనికిరానిదనుకుని వదిలేశాను. కంప్యూటర్ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పేది అదేనట. "మొత్తం డిస్క్ కాపీ చేయండి. ఏదీ వదలొద్దు," అంది. హాలు మూసే వేళైంది. పాత డిస్క్‌తోనే ఇంటికొచ్చాం.

సోమవారం ఆపా దాంతోనే ప్రొఫెసర్ల ముందు మాట్లాడింది. బాగానే జరిగింది. నేనిక ఆ లాప్‌టాప్ జోలికి పోకూడదనుకున్నాను. తర్వాతి శనివారం ఆపాయే దాన్ని తెచ్చి నా ముందు పెట్టి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈసారి ఇద్దరం చేద్దాం" అంది. డిస్క్ మొత్తం కాపీ చేశాం. కేబుల్ రెండు చివరలూ ఆమే లైటు వేసి చూసింది. బటన్ నొక్కిన కాసేపటికే పాస్‌వర్డ్ అడిగింది.

అప్పుడు చెప్పాను, ఆ రోజుకు ముందు నేనెప్పుడూ ఏ కంప్యూటరూ విప్పలేదని.

ఆపా నవ్వింది. "నాకు తెలుసు. ఏ స్క్రూడ్రైవర్ కొనాలెనో తెల్వక దుకాణంల అరగంట నిలబడ్డవ్, నేను పక్కనే ఉన్న కద."

"తెలిసి ఎట్ల ఇచ్చినవ్ మరి?"

"నాకైతే అసలే రాదు. ఇద్దర్ల నీకే కొంచెం ఎక్కువ వస్తదనుకున్న," అంటూ పాస్‌వర్డ్ కొట్టింది.