గొంగడి కాసిన వంతు

ప్రత్యేక రాష్ట్రం కోసం వేసిన దీక్షా శిబిరంలో ఎవరిదో తడి గొంగడి వాసన నన్ను మెదక్ చివరి పచ్చిక బయలుకు తీసుకుపోయింది. గడ్డి విత్తనం రాలేదాకా మందలు చొరబడకుండా మా కురుమ ఇళ్లు దానిని వంతులవారీగా కాసేవి.

చిన్నప్పుడు, తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుకుతూ ఒక మధ్యాహ్నం లోపలికి వెళ్లాను. గాలి లేదు, పిట్ట కూత లేదు. నిలువెత్తు గడ్డి నడుమ, నెల కిందట చనిపోయిన తాత గొంగడి కప్పుకొని కదలకుండా నిలబడి ఉన్నాడు. ఇంటికి పరుగెత్తాను.

"నాయినమ్మా, తాత గడ్డిల నిలవడ్డడే!"

"మరి ఇయ్యాల మన ఇంటి వంతు గదనే. తాత గాక ఇంకెవలు పోతరు?" అన్నది ఆమె, రొట్టె తిప్పుతూ.

మగదిక్కు లేని ఇంటి వంతును కర్రకు కప్పిన గొంగడే కాస్తుందని, దానిని దాటి ఏ మందా పోదని తర్వాత తెలిసింది.

ఇప్పుడు అధికారులు ఆ బయలును ఎవరూ పట్టించుకోని భూమిగా రాసి ప్లాట్లు కొలుస్తున్నారు. నా అభ్యంతర పత్రంలో కాపలాదారుల పేర్లన్నీ వరుసగా రాశాను. తాత పేరు ఎదుట, ఆయన పోయిన తర్వాతి వంతులను కూడా చేర్చాను.