బోరుబావి దారిన పాతాళానికి

మా బెళుగుప్పలో ఎదురింటి అరుణజ్యోతి డిగ్రీ చదువుతూ సూపర్‌హీరో నవల రాస్తోంది. భూమి కింద నీటి చప్పుడు వినగల శక్తి ఉన్న ఒక పిల్ల, ఎండిన బోరుబావిలోంచి పాతాళానికి దిగి, చనిపోయిన తండ్రిని తెచ్చుకునే కథ. గ్రీకుల పురాణంలోంచి తీసుకుందట. నేను చదివింది ఐదో తరగతే, అయినా రోజూ పోయి చదివించుకుని వింటాను.

జ్యోతి తండ్రి ఈశ్వరప్ప మొన్న వేసవిలో గుండె ఆగి పోయాడు. కొడుకుల్లేరు కాబట్టి కుండ తనే మోసింది.

చివరి అధ్యాయం దగ్గర కలం ఆగింది. పాతాళపు రాజు షరతు ఒకటే. పైకి చేరేదాకా, వెనక వస్తున్న తండ్రిని ఆ పిల్ల తిరిగి చూడకూడదు. చూస్తే ఆయన అక్కడే ఉండిపోతాడు.

“చూడకుండా తెచ్చేసిందని రాయమ్మే. నిన్ను అడిగేవాళ్లు యాడుండారు?” అన్నాను.

“శ్మశానంలో కుండ పగిలినాక, తిరిగి చూడొద్దని నా భుజం పట్టుకోని నడిపించింది నువ్వే కదవ్వా. నేను చూడకుండానే వచ్చినా. నాయన ఇంటికొచ్చినాడా?”



ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసిందనే రాసింది జ్యోతి. తండ్రి ముఖాన్ని రెండు పేజీలు రాసింది, ఈశ్వరప్ప గడ్డం మీది మచ్చతో సహా.