దానియేలు మాస్టారి రేకు రైళ్లు

కుట్టుమిషనుకు నూనె వేసి, చేతులకు అంటిన జిడ్డును పాతగుడ్డతో తుడుచుకుంటున్నాను. ఇనుమూ నూనే కలిసిన ఆ వాసన తగలగానే ఏలూరు పవర్‌పేటలో, రైలుకట్టకు దగ్గరగా ఉండే పెంకుటిల్లు గుర్తుకు వచ్చింది. ఆ ఇంటి సావిట్లో చాప మీద కూర్చుని, కోడి ఈకను నూనెలో ముంచి, బొమ్మ రైలు చక్రాలకు ఒక్కొక్క చుక్క అంటించే దానియేలు మాస్టారు గుర్తుకు వచ్చారు. ఆయన్ను ఎరిగినవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. నేనూ పోతే అలాంటి మనిషి ఒకడు ఉండేవాడని చెప్పేవాళ్లే ఉండరు. అందుకని రాస్తున్నాను. రాస్తే మనసు తేలికపడుతుందని మాత్రం కాదు. ఇన్నేళ్లలో అది తేలికపడిందీ లేదు, ఇక పడబోదు కూడా.

అప్పుడు పంతొమ్మిదివందల ముప్పైలు నడుస్తున్నాయి. నేను ట్రైనింగు పూర్తిచేసి ఏలూరులో ఒక క్రైస్తవ మిషను బళ్లో చిన్న తరగతులకు టీచరుగా చేరాను. మాది ఆకివీడు దగ్గర పల్లె. ఒంటరి ఆడపిల్లకు పట్నంలో ఇల్లు దొరకక తిరుగుతుంటే, అదే బళ్లో డ్రాయింగు చెప్పే దానియేలు మాస్టారూ ఆయన భార్య సారమ్మగారూ తమ ఇంట్లో ఒక గది ఇచ్చారు. వాళ్లకు పిల్లలు లేరు. మాస్టారికి యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా, ఎవరితో మాట్లాడినా కాస్త ముందుకు వంగి మాట్లాడేవారు. సావిట్లో ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో ఉండవలసిన పింగాణీ సామానంతా వంటింటి చెక్క మీదకు చేరింది. బీరువా నిండా రేకుతో చేసిన బొమ్మ రైళ్లే. తాళంచెవి తిప్పితే గరగరమంటూ నడిచేవి. వాటిలో మామూలు రైలు ఒక్కటీ లేదు. ప్రతి పెట్టె మీదా మనుషుల్లా బట్టలు తొడుక్కున్న జంతువుల కార్టూను బొమ్మలు రంగుల్లో అచ్చువేసి ఉండేవి. కిటికీలో పట్టక తొండం ఒక్కటే బయట పెట్టుకున్న ఏనుగు, టిక్కెట్టు కోసం జేబులు వెతుక్కుంటున్న కుందేలు, పక్కవాళ్ల సామాను మీద గుర్రుపెట్టి నిద్రపోతున్న ఎలుగుబంటి. ఓడల మీద ఇంగ్లీషు సీమ నుంచి, జపాను నుంచి వచ్చి, సంతల్లోకి, రైల్లో పెట్టె మోసుకుని తిరిగే అమ్మకందార్ల దగ్గరకు చేరిన సరుకు అది. మరో రకం బొమ్మ ఆయనకు ఊరికే ఇచ్చినా పుచ్చుకోరు.

ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఆయన ఒక రైలుపెట్టె నా చేతికిచ్చి, కాసేపు ఉంచి, తిరిగి తీసుకుని వీపు వెనక దాచుకున్నారు.

"కుందేలు కోటుకి ఎన్ని బొత్తాలున్నాయండీ టీచరుగారూ?"

"చూడలేదండి."

"ఇప్పుడేగా చూశారు?"

"బొమ్మ చూశానండి. బొత్తాలు ఎవరు లెక్కపెడతారండీ?"

ఆయన నవ్వలేదు. పెట్టెను నా కళ్ల ముందుకు తెచ్చారు. "నాలుగు ఉండాలి, మూడే ఉన్నాయి. నాలుగోది తెగి, దారం వేలాడుతోంది చూడండి. జేబులు తడుముకునే కంగారులో తెగిపోయింది. ఇది గీసినవాడెవడో మనకి తెలీదు. ఆ దారం గీయకపోయినా వాణ్ణి ఎవరూ అడగరు. అయినా గీశాడు."

ఆయన కూడా అలాంటి బొమ్మలు గీసి పత్రికలకు పంపేవారని, అవి వెళ్లిన దారినే తిరిగి వచ్చేవని సారమ్మగారు తరవాత చెప్పారు. పంపడం మానేశాకనే రైళ్లు కూడబెట్టడం మొదలుపెట్టారట. ఆయన పక్కన కూర్చుని ఆ రైళ్లను చూస్తూనే నేను చూడటం నేర్చుకున్నాను. అంతకుముందు నాకు చెట్టంటే చెట్టే, మనిషంటే మనిషే. ఏడాది తిరిగేసరికి నా తరగతిలో ఏ పిల్ల తిండి తినకుండా వచ్చిందో, ఏ పిల్ల ఇంట్లో దెబ్బలు తిని వచ్చిందో వాకిట్లో చూసే చెప్పగలిగేదాన్ని. టీచరుగారనే మొగమాటం పోయి ఆయన నన్ను "అమ్మాయ్" అని పిలవడం మొదలుపెట్టారు.

ఒకసారి తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు వారింట్లో పిల్లి గార్డుగా ఉన్న రైలు ఉందని ఎవరో చెప్పారు. ఆయనకు ఇక నిద్ర పట్టలేదు. సారమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నన్ను తోడు వెళ్లమన్నారు. ఆ ఇంటి ఇల్లాలు మర్యాదస్తురాలు. మజ్జిగ ఇచ్చి, "మావాడు ఎప్పుడో దాని మొహం చూడ్డం మానేశాడండీ. మీరు మావాడి బొమ్మ గీసిపెట్టండి మాస్టారూ, రైలు పట్టుకెళ్లండి" అంది. కుర్రాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి ఆయన చాలాసేపు గీశారు. కాగితం చూసి ఆవిడ నావైపు చూసింది. మొహం అచ్చుగుద్దినట్టు వచ్చింది. రెండో కన్ను మాత్రం మొహం దాటి చెవి పక్కన ఉంది.

"ఏవండీ మాస్టారూ, మావాడి కన్ను కాస్త పక్కకి జరిగినట్టుందండీ" అంది మెల్లగా.

ఆయన ఒక్క క్షణం కాగితం వైపు తల వంచి, "కార్టూను గీశానండీ అమ్మగారూ" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తిరుగు రైల్లో ఆయన ఆ బొమ్మ రైలును ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. ఎండ ఇంకా తెల్లగానే ఉంది. "అమ్మాయ్, పిల్లి ఏ చేత్తో పట్టుకుంది జెండా?" అని అడిగారు.

"కుడిచేత్తోనండి. పచ్చజెండా. ఎర్రజెండా మీద కూర్చుంది, తోక కనబడకుండా." ఆ ఎర్రజెండా సంగతి కనిపెట్టినందుకు మెచ్చుకుంటారని ఎదురుచూశాను. "ఈ పరీక్ష నెగ్గానా అండీ?"

భీమడోలు దాటేవరకూ ఆయన వేలితో ఆ రేకును తడుముతూ కూర్చున్నారు. తరవాత, పక్కవాళ్లకు వినబడకుండా అన్నారు. "పరీక్ష కాదమ్మా. నాకు కనబళ్లేదు."

కంటి వెనక నరం ఎండిపోతోందని, అద్దాలతో గానీ కోతతో గానీ బాగయ్యేది కాదని డాక్టరు చెప్పారు. సారమ్మగారు ప్రార్థన చేసుకున్నారు. నేను అంతకన్నా తెలివైన పని చేస్తున్నాననుకున్నాను. ఆయన ఉద్యోగం నిలబెట్టడానికి ఆయనకు నేనే కళ్లయ్యాను. పిల్లలు గీసిన కాగితాలన్నీ ముందే చూసి, ఎవరిది ఎలా ఉందో, ఏ గీత ఎక్కడ తప్పిందో ఆయనకు వరసగా చెప్పేదాన్ని. ఆయన ఒక్కటీ మరిచిపోకుండా తరగతిలో ఒప్పజెప్పేవారు. "ఎన్నాళ్లమ్మా ఈ దాగుడుమూతలు? మనమే వెళ్లి చెప్పేసుకుంటే పోదా?" అని సారమ్మగారు అడిగితే, "ఇంకొక్క ఏడాది కానివ్వండి" అన్నది నేనే. ఆయన కాదు.

ఆ ఏడాది గడవకముందే స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చారు. ముందుగా నా తరగతికి వస్తారనుకుంటే తిన్నగా డ్రాయింగు తరగతిలోకి వెళ్లిపోయారు. మధ్యలో వరండా ఒక్కటే అడ్డం. అంతా కనబడుతోంది, కదలడానికి లేదు. ఒక పిల్ల అప్పుడే కూజా గీసి తెచ్చి ఇచ్చింది. మాస్టారు కాగితం అందుకుని, ఎత్తి పట్టుకుని, "బాగుందమ్మా. కూజా నేల మీద నిలకడగా కూర్చుంది" అన్నారు. కాగితం తలకిందులుగా ఉంది. పిల్లలు కిసుక్కున నవ్వి, వెంటనే నోళ్లు మూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. దగ్గరకు వచ్చి, ఆయన చేతిలోని కాగితాన్ని మెల్లగా తీసి, తిప్పి, తిరిగి ఆ చేతిలోనే పెట్టారు. ఆ తిప్పడంలోనే మాస్టారికి అంతా అర్థమైంది. ఆయన మొహం అప్పుడు ఎలా ఉందో నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ రాయలేను.

బడివాళ్లు ఆయనకు పూలదండ వేసి, మంచి మాటలు చెప్పి పంపించేశారు. ఇద్దరూ సారమ్మగారి పుట్టింటికి, కైకలూరు అవతల కొల్లేటి లంకకు వెళ్లిపోయారు. రైళ్లను గడ్డిలో చుట్టి, మూత ఉన్న చెక్కపెట్టెలో సర్దింది నేనే. మొదటి క్రిస్మసు సెలవులకు వెళితే ఆయన వాటిని నులకమంచం మీద వరసగా పేర్చుకుని నాకోసం కూర్చుని ఉన్నారు. ఏది ఏ రైలో చేతికి తెలుస్తోంది గానీ, అచ్చువేసిన బొమ్మకు ఎత్తుపల్లాలు ఉండవు. ఎంత తడిమినా వేలికి నున్నటి రేకే తగులుతుంది. అందుకని నేను చూసి చెప్పాలి. కోటు రంగు, దారం ముక్క, ఎలుగుబంటి మీసం మీద వాలిన ఈగ. చెబుతుంటే ఆయన మొహం విచ్చుకునేది.

రెండో ఏడు వెళ్లేసరికి కొల్లేటి చెమ్మ చెక్కపెట్టెలోకి దూరింది. రేకు పొంగి, రంగు పెచ్చులుగా రాలిపోయి, ఏ రైలుపెట్టె మీదా తుప్పు తప్ప ఏమీ లేదు. గుమ్మంలో నుంచుని సారమ్మగారు చెప్పొద్దన్నట్టు నాకు సైగ చేశారు. నేను పాత బొమ్మలన్నీ జ్ఞాపకం మీద చెప్పడం మొదలుపెట్టాను. కుందేలు అయింది, ఏనుగు అయింది. పిల్లి దగ్గరకు వచ్చేసరికి ఆయన చెయ్యి ఎత్తారు.

"ఇంక ఆపమ్మాయ్. నువ్వు చూసి చెప్పట్లేదు."

"చూస్తున్నానండీ మాస్టారూ."

"చూసే మనిషి మధ్యమధ్య ఆగుతుంది. నువ్వు ఎక్కడా ఆగట్లేదు." బొటనవేలితో రైలుపెట్టెను రుద్ది, ఆ వేలు వాసన చూసుకున్నారు. "నిజంగా ఏముందో చెప్పు."

"తుప్పు ఉందండి."

"అన్నిటికీనా?"

"అన్నిటికీనండి."

ఆయన మంచం మీద తడుముకుంటూ ఒక్కొక్కటే చెక్కపెట్టెలో పెట్టేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. సెలవులు అయ్యేదాకా మిగతా సంగతులు మాట్లాడారు గానీ, ఏదీ ఎలా ఉందని మాత్రం అడగలేదు. చూపు పోయిన రోజున కూడా ఆయన అంత చీకట్లో లేరు.

మూడో ఏడు క్రిస్మసుకు నేను వెళ్లలేదు. జ్వరమని ఉత్తరం రాశాను. నాకు జ్వరం లేదు. వెళ్లి ఆయనకు చెప్పడానికి తుప్పు తప్ప ఏముందనుకున్నాను. అలా ఎదురెదురుగా కూర్చోవడం నావల్ల కాదనుకున్నాను. సంక్రాంతి దాటాక సారమ్మగారు ఎవరిచేతనో రాయించిన కార్డు వచ్చింది. నాకు లేని జ్వరం ఆయనకు వచ్చింది. నాలుగు రోజుల్లో పోయారు.

కైకలూరులో రైలు దిగి, బండి మీద కొంత, తాటిదోనె మీద కొంత వెళ్లాను. సారమ్మగారు ఏడవలేదు. చెక్కపెట్టె తెచ్చి ముందు పెట్టి మూత తీశారు. చక్రాలు ఊడి, పెట్టెలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. బొమ్మలన్నీ నా తలలో ఉన్నాయి గానీ, ఏ బొమ్మ ఏ రేకు మీద ఉండేదో ఎంత చూసినా పోల్చుకోలేకపోయాను.

"జ్వరం తగ్గి సంక్రాంతికైనా నువ్వొస్తావని రోజూ రేవుకి తీసుకెళ్లమనేవారమ్మా" అన్నారావిడ.

"రైళ్ల గురించి అడగడానికా అండీ?"

"రైళ్ల మాటే మర్చిపోయారు. గూడబాతులు వచ్చాయి, అమ్మాయి వస్తే కొల్లేరు ఎలా ఉందో చెప్పించుకుంటానన్నారు. నేను చెబుతానంటే, 'నీకు చేతకాదే, దానికి నేర్పాను' అన్నారు."

నేను ఆ పెట్టె మూత వేసి గుమ్మంలోకి వచ్చాను. చెప్పడానికి ఏమీ లేదని రాకుండా ఉన్నాను. ఇంటి ముందు అంత కొల్లేరు ఉంది.

తిరుగు దోనెలో నీళ్ల వైపు చూస్తూ పైకే చెప్పడం మొదలుపెట్టాను. తూటుకాడ పువ్వు ఎంత వెలిసిపోయి ఉందో, గూడబాతు దిగేటప్పుడు కాళ్లు ఎలా చాస్తుందో, నీటి గీత ఎక్కడ విరిగిందో. దోనె నడిపే అతను తెడ్డు ఆపి, "ఎవరితోనండీ మాట్లాడతన్నారు?" అని అడిగాడు. "ఎవరితోనూ కాదు" అన్నాను.

ఆ అలవాటు ఈనాటికీ పోలేదు. ఏది చూసినా, చూడలేని మనిషికి చెప్పాలన్నట్టే చూస్తాను. ఆగి, తప్పులేకుండా, చిన్నదాన్ని కూడా వదలకుండా మాటలు కూర్చుకుంటాను. అంతా సిద్ధమయ్యాక, వినవలసిన మనిషి ఒక సంక్రాంతికి రేవులో నాకోసం నిలబడి, తిరిగి ఇంటికి వెళ్లిపోయారని గుర్తుకు వస్తుంది.