బడి మరుగుదొడ్డికి తాళం

మా బడిలో అన్నిటికన్నా శుభ్రంగా ఉండేది ఆడపిల్లల మరుగుదొడ్డి. అందులోకి ఎవరూ పోయేవారు కాదు, అందుకని.

నవ్వించడానికి రాయడం లేదు. ఏడాదికి పైగా దానికి తాళం ఉంది. తాళం వెయ్యమన్నది బడి కమిటీ. ఆ కమిటీ పెట్టిన సంతకాల్లో ఒకటి నాది.

మాది వికారాబాద్ నుంచి తాండూరు పోయే దారిలో బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. ఎనిమిదో తరగతి దాకా బడి ఉంది. బడి బాగుపడాలంటే తల్లిదండ్రులు, ఊరివాళ్లు తలా ఒక చెయ్యి వెయ్యాలని వికారాబాద్ నుంచి ఒక ఆఫీసరు వచ్చి చెప్పిపోయాడు. మావాళ్లు చెయ్యి వేశారు. ఊళ్లో సగం మంది తాండూరు బండ పనిలో ఉన్నవాళ్లే. కమిటీ చైర్మన్ పాలిష్ మిషన్ దగ్గర మేస్త్రీ, నాకు మరిది వరస. ఆదివారాలు అందరూ కలిసి కూలిపోయిన పాత దొడ్డిని తీసేసి కొత్తది కట్టారు. కింద, గోడలకు నీలం బండ వేసి పాలిష్ పెట్టారు. వంగి చూస్తే మన ముఖం మనకు కనబడేది. అంత మంచి బండ ఊళ్లో ఏ ఇంట్లోనూ లేదు. ఆ మేస్త్రీ ఇంట్లోనైతే సిమెంటు కూడా పెచ్చులూడి ఉంది.

ఊరంతా వచ్చి చూసింది. చెప్పులు బయట విడిచి మరీ చూసింది. అక్కడే మొదలైంది చిక్కు.

"గింత మంచిగ చేసినం. పిల్లలు రెండు దినాలల్ల ఖరాబ్ చేస్తరు. ఆఫీసరొచ్చి సూసేదాంక తాళమెయ్యి సారూ" అన్నాడు చైర్మన్.

హెడ్మాస్టరు సారు పరిగి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. మంచివాడు, అంటే ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. "కమిటీ తీర్మానం చేస్తే నాదేముంది" అని రిజిస్టరు ముందుకు జరిపాడు.

నాకూ ఆ మాట నచ్చింది. ఎందుకు దాచాలి?

కొడుకూ కోడలూ పొద్దున్నే కందిచేనుకు పోతారు గనక మనవరాలి తరఫున కమిటీలో నేను కూర్చున్నాను. గొర్లు కాసిన మనిషిని. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది ఆ పిల్లే. తన హోంవర్కు ముందేసుకుని నా చేతికి బలపం ఇచ్చేది. "వంద గొర్లల్ల నీ గొర్రెను గుర్తువడతవు, యాభై అక్షరాలు గుర్తువట్టవా అవ్వా?" అని ఎగతాళి చేసేది. సంతకం నేర్చుకోవడానికే నెల పట్టింది. అందుకని ఎవరు ఏ కాగితం చూపించినా సంతకం పెట్టే తొందరే గాని పైన ఏం రాశారో చదివే ఓపిక లేదు. ఆ రోజు మిగతా ఆడవాళ్లు వేలిముద్రలు వేస్తుంటే నేను పెన్ను అడిగి తీసుకున్నాను. "శెభాష్ పెద్దమ్మా" అన్నాడు సారు. ఇంటిదాకా ఆ మాటే నెమరేసుకుంటూ వచ్చాను.

ఆఫీసరు రాలేదు. వానలు వచ్చాయి, పోయాయి. కంది కోతకు వచ్చింది. ఆఫీసరు మాత్రం రాలేదు.

మగపిల్లలు గోడ చాటుకు పోయేవారు. ఆడపిల్లలు ఎక్కడికీ పోయేవారు కాదు. మా పిల్ల సంచిలో నీళ్ల సీసా పొద్దున ఎట్లా పోయిందో సాయంత్రం అట్లాగే తిరిగొచ్చేది. సంచి విసిరేసి ఇంటి వెనక్కి పరుగెత్తేది. పెద్దమనిషి అయ్యాక నెలకు ఐదు రోజులు బడి మానేసింది. ఒకసారి ఒంటికి పోతే మంట, చలిజ్వరం. తాండూరు ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ పిల్లను కాదు, నన్ను తిట్టింది. పిల్ల నీళ్లు తాగుతుందో లేదో ఇంట్లో ఒక్కరు కూడా చూడరా అని.

ఆ వారమే నా కొడుకు తేల్చేశాడు. "ఏడు దాంక సదివింది, ఇగ సాలు. ఎండాకాలం సెలవులైనంక చేన్ల పనికొస్తది."

నేను పిల్లను పట్టుకున్నాను. "నీళ్లెందుకు తాగవే?"

"తాగితే యాడికి వోవాలె అవ్వా? తాళమేసిండ్రు గద."

"ఎవరే ఏసింది?"

"నువ్వే. సంతకం గూడ వెట్టినవ్."

సెలవులకు ముందు మీటింగు పెట్టారు. జంపఖానా, చాయ్, బిస్కెట్లు అన్నీ సిద్ధం. రిజిస్టరు ఇటివ్వమన్నాను. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాను. నాకు సమయం పడుతుంది. చాయ్ చల్లారేదాకా అందరూ కూర్చోవలసి వచ్చింది. తాళం సంగతి ఒక వాక్యంలో ఉంది. దాని కిందనే ఇంకో వాక్యం ఉంది. 'నూతన మరుగుదొడ్డి వినియోగంలో ఉన్నది. విద్యార్థినులు సంతోషం వ్యక్తం చేసినారు.' దాని కింద నా సంతకం, గుండ్రంగా, ముద్దుగా.

"ఏ పిల్ల జెప్పింది సారూ సంతోషమని?"

సారు కిటికీ వైపు చూశాడు. చైర్మన్ అందుకున్నాడు. "వదినె, గది మా చేతిపని. నలుగురు సూడాలని వెట్టినం."

"సూడనీకి గుడి గట్టుకో. పోనీకి దొడ్డి గట్టు."

"ఆఫీసరొచ్చినంక తీస్తం తియ్యి. గంత ఫికరెందుకు?"

"వచ్చే మీటింగులో చర్చకు పెడదాం పెద్దమ్మా" అన్నాడు సారు.

వచ్చే మీటింగు నాటికి మా పిల్ల చేనులో ఉంటుంది. నేను లేచి నిలబడ్డాను.

"సారూ, నాకు ఒంటికి వస్తున్నది. తాళం తియ్యుండ్రి."

"ఇల్లు గీడనే గద వదినె" అన్నాడు చైర్మన్.

"షుగరున్నదాన్ని, ఆగది. గీ జంపఖానా మీద కూసోమంటవా మరిదీ? నీ ఇష్టం."

ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. సారు సంచిలోంచి తాళం చెవి తీశాడు. అది తిరగలేదు. ఏడాది వానలకు తాళం తుప్పు పట్టి బిగిసిపోయింది. సారు తిప్పాడు, చైర్మన్ తిప్పాడు. చివరికి బండ పని సుత్తె తెచ్చి చైర్మనే తాళం పగలగొట్టాడు, తన చేత్తోనే. నేను చెప్పులతోనే లోపలికి పోయాను. బయటికొచ్చేసరికి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. వాళ్లను ఎవరూ పిలవలేదు. తన ఇంట్లో ఎవరో చనిపోయినట్టు, తడి అడుగులు పడ్డ బండను చూస్తూ నిలబడ్డాడు చైర్మన్.

సెలవుల తర్వాత పిల్ల ఎనిమిదికి పోయింది. నా కొడుకును నేనేమీ బతిమాలలేదు. డాక్టరమ్మ మాట, రిజిస్టరు మాట రెండూ అన్నం పెడుతూ వినిపించాను. తిని లేచి పోయాడు. మళ్లీ చేను మాట ఎత్తలేదు. నీళ్ల సీసా ఇప్పుడు ఖాళీగా వస్తోంది.

ఆఫీసరు దసరా ముందు వచ్చాడు. మరుగుదొడ్డి చూసి, ముక్కు చిట్లించి, రిజిస్టరులో ఏదో రాశాడు. చైర్మన్ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. రిజిస్టరు అందరి చేతులూ తిరిగి నా దగ్గరికొచ్చింది. 'మరుగుదొడ్డి శుభ్రత మెరుగుపరచవలెను' అని ఉంది. నెమ్మదిగా రెండుసార్లు చదివాను. ఈసారి రాసింది నిజమే. సంతకం పెట్టాను.